వసంతంలో ఇల్లు అమ్మాలంటే జనవరిలో మొదలుపెట్టండి

అమెరికాలో ఇళ్ల అమ్మకాలకు ఓ సీజన్ ఉంది. మార్చి నెలాఖరులో ఊపందుకుని జూన్ దాకా నడుస్తుంది. మా న్యూజెర్సీలో స్కూళ్లు జూన్‌లో మూసి సెప్టెంబర్‌లో తెరుస్తారు. ఆ మధ్యలోనే మారిపోవాలని కొనేవాళ్ల తొందర. లోన్ మీద కొనేవాళ్లకు కాంట్రాక్ట్ అయ్యాక క్లోజింగ్‌కి, అంటే డబ్బు కట్టి ఇల్లు చేతులు మారడానికి, 30 నుంచి 45 రోజులు, ఒక్కోసారి 60 రోజులు పడుతుంది. వెనక్కి లెక్కేసుకుంటే ఏప్రిల్‌లో ఇల్లు మార్కెట్లో ఉండాలి. మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి కాబట్టి ఆఫీసయ్యాక వచ్చినవాళ్లు కూడా వెలుతురులో ఇల్లు చూసుకోవచ్చు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే సెంట్రల్ జెర్సీలో ఇంకో లెక్క కూడా ఉంది. కొనేది తెలుగువాళ్లయితే ఆషాఢం రాకముందే గృహప్రవేశం అయిపోవాలంటారు. అధిక మాసం పడ్డ ఏడు ఆ ముహూర్తాలు ఇంకా తగ్గిపోతాయి. పంచాంగం ఓసారి తిరగేసి చూసుకోండి. మీకు నమ్మకం లేకపోయినా కొనేవాళ్లకు ఉండొచ్చు.

మేం పదకొండేళ్లు ఉన్న ఇంటిని అమ్మేటప్పుడు ఫిబ్రవరి చివర్లో మొదలుపెట్టాం. ఏప్రిల్‌లో అయిపోవాల్సింది జూలై దాకా సాగింది. ఆలస్యం రంగుల వల్లో ఫర్నిచర్ వల్లో కాదు, ఒక్క కాగితం వల్ల. అందుకే ఇక్కడ కాగితాలతోనే మొదలుపెడుతున్నాను. ఇందులో రూల్స్ న్యూజెర్సీవి. మీది టెక్ససో జార్జియానో అయితే ఆ సంగతులు మీ దగ్గర కనుక్కోండి. ఇంటిపని మాత్రం ఎక్కడైనా ఒకటే.

జనవరి: పర్మిట్లు బయటికి తీయండి

మనవాళ్ల ఇళ్లలో బేస్‌మెంట్ ఖాళీగా ఉండదు. ఓ హోమ్ థియేటర్, ఓ బార్ కౌంటర్, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకో గది, బాత్‌రూమ్. మేమూ చేయించాం. "పర్మిట్ ఎందుకండీ, తీసుకుంటే ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుంది" అన్నాడు కాంట్రాక్టర్. సరే అనుకున్నాం. తెలిసినవాళ్లందరూ అలాగే చేశారు మరి.

అమ్మేటప్పుడు కొనేవాళ్ల లాయరు టౌన్‌షిప్‌కి (ఇక్కడి మున్సిపాలిటీ) ఓప్రా రిక్వెస్ట్ పెట్టారు. ఓప్రా అంటే ఓపెన్ పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్, దాని కింద ఎవరైనా ఏ ఇంటి పర్మిట్ల చరిత్రనైనా అడగొచ్చు. అందులో మా బేస్‌మెంట్ లేదు. ఉన్నదల్లా ఐదేళ్ల కిందట వాటర్ హీటర్ మార్చినప్పుడు తీసుకుని, ఇన్‌స్పెక్షన్ అవ్వకుండా తెరిచే ఉండిపోయిన ఓ పర్మిట్. ఇక చూడండి. అప్పటికప్పుడు పర్మిట్‌కి అప్లై చేసి, వైరింగ్ కనబడేలా రెండు చోట్ల గోడ పలక (షీట్‌రాక్) కోసి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, మళ్లీ మూసి, రంగు వేయించి... ఈలోగా మొదటి కొనుగోలుదారులు ఇంకో ఇల్లు చూసుకున్నారు.

కాబట్టి ఆ ఓప్రా రిక్వెస్ట్ మీ ఇంటి మీద మీరే పెట్టుకోండి. టౌన్‌షిప్ క్లర్క్ ఆఫీసులో ఇవ్వాలి, చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే అవుతుంది. వచ్చిన లిస్టు చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరగండి. డెక్, బేస్‌మెంట్, కొత్త ఫర్నేస్, ఎలక్ట్రిక్ కారు చార్జర్, సోలార్. ఇంట్లో ఉండి లిస్టులో లేనివీ, లిస్టులో ఉండి మూయనివీ రెండూ ఇప్పుడే సరిచేయించండి. టౌన్‌షిప్ ఆఫీసుల్లో ఏప్రిల్‌కల్లా రద్దీ పెరుగుతుంది.

అదే ఊపులో రసీదుల ఫైలు కూడా తయారు చేసుకోండి. వంటిల్లు మార్చినవి, రూఫ్ వేయించినవి, కిటికీలు. ఇవి కొనేవాళ్లకి చూపించడానికి పనికొస్తాయి, తర్వాత పన్ను లెక్కల్లోనూ పనికొస్తాయి.

ఫిబ్రవరి: నీళ్లు, గాలి, నేల కింద ఏముందో

మంచు కరిగే కాలంలోనే బేస్‌మెంట్ అసలు రంగు బయటపడుతుంది. గట్టర్లు శుభ్రం చేయించండి. డౌన్‌స్పౌట్ నీళ్లు గోడ పక్కనే పడుతుంటే గొట్టం పొడిగించి నాలుగైదు అడుగుల దూరంలో పడేట్టు చేయండి. బేస్‌మెంట్‌లో చేరే నీళ్లను బయటికి తోడే సంప్ పంప్ గుంటలో ఓ బకెట్ నీళ్లు పోసి పంప్ పనిచేస్తోందో లేదో చూడండి. ఎక్కువ ఖర్చు లేని పనులివి. తడి మరక కనిపించిందంటే మాత్రం కొనేవాళ్లు మీరు ఊహించని మొత్తం తగ్గించమంటారు. మరక ఉంటే దాని మీద రంగు వేసి దాచొద్దు. కారణం సరిచేసి, బిల్లు దగ్గర పెట్టుకోండి.

నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడియోధార్మిక వాయువు రేడాన్, దాని పరీక్ష మీరే ముందుగా చేయించుకుంటే మంచిది. లీటరుకు 4 పికోక్యూరీలు, అంతకు మించి వస్తే తగ్గించుకోవాలని కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. పైపు, ఫ్యాను పెట్టించడం సాధారణంగా వెయ్యి, రెండు వేల డాలర్ల మధ్య అయిపోతుంది. కొనేవాళ్ల ఇన్‌స్పెక్షన్‌లో బయటపడితే అదే పనికి టెన్షన్ పది రెట్లు.

పాత ఇళ్లయితే ఒకప్పుడు వేడికి ఆయిల్ వాడి ఉండొచ్చు. ఆ ట్యాంకు ఇంకా నేలలోనే ఉండిపోయి ఉండొచ్చు. న్యూజెర్సీలో కొనేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. కొన్ని వందల డాలర్లతో నేల కింద ట్యాంకు ఉందేమో వెతికే ట్యాంక్ స్వీప్ చేయించి "లేదు" అనే కాగితం పెట్టుకుంటే నిశ్చింత. ఉండి, కారిందంటే మాత్రం శుభ్రం చేయించడానికి వేలకు వేలు అవుతాయి. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే సీసం రంగుల గురించి మీకు తెలిసింది రాసి ఇవ్వడం కేంద్ర చట్టం ప్రకారం తప్పనిసరి.

ఫైర్ సర్టిఫికెట్ లేనిదే ఈ రాష్ట్రంలో ఇల్లు చేతులు మారదు. దానికి కావాల్సినవి పొగ అలారాలు, నిద్రపోయే గదులకు 10 అడుగుల్లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం, వంటింటికి 10 అడుగుల్లోపు గోడకు తగిలించిన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. దాన్ని సింక్ కింద పెట్టేస్తే ఒప్పుకోరు, గోడకే ఉండాలి. కొన్ని టౌన్‌షిప్‌లు దీనితోపాటు ఇల్లు ఉండడానికి తగినదని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి.

వాసన సంగతి

దీని గురించి ఏజెంట్లు మొహమాటపడి చెప్పరు. నేను చెబుతాను. రోజూ పోపు పెట్టే ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ ఇంటి వాసన తెలియదు. మా ఆవిడతో పనిచేసే ఒక పోలిష్ ఆవిడను పిలిచి, "లోపలికి వచ్చి నిజం చెప్పండి" అని అడిగాం. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి, వంటింటి వైపు కాకుండా, పక్కనున్న కోట్ క్లోజెట్ తలుపు తీసింది. "ఇక్కడి నుంచి" అంది. చలికోట్లు పదకొండు శీతాకాలాల ఇంగువ, వేపుడు నూనె పీల్చుకుని ఉన్నాయి. ఆ కోట్లు అక్కడి నుంచి తీసి డ్రైక్లీనింగ్‌కి పంపాకే ముందుగది మారింది.

మన వంట మీద నాకేం చిన్నచూపు లేదు. తాజా పోపు వాసన వేరు, గోడకు పట్టిన పాత నూనె వాసన వేరు. కొనడానికి వచ్చిన తెలుగువాళ్లు కూడా రెండోదాన్ని పసిగడతారు, పైగా మనకన్నా గట్టిగా మొహం చిట్లిస్తారు.

కొవ్వొత్తులు, స్ప్రేలు వద్దు. ఏదో దాస్తున్నారన్న అనుమానం వాటితోనే మొదలవుతుంది. వాసన పట్టి ఉన్న వస్తువుల్ని ఒక్కొక్కటిగా కడగడం తప్ప దారి లేదు. పొయ్యి మీది హుడ్ ఫిల్టర్లు ఊడదీసి బాగా వేడి నీళ్లలో గిన్నెల సబ్బు, బేకింగ్ సోడా వేసి గంటసేపు నానబెట్టండి. ఆ నీళ్లు పట్టే రంగు చూస్తే మీకే తెలుస్తుంది. తర్వాత కుర్చీ వేసుకుని క్యాబినెట్ల పైభాగం చూడండి. అక్కడ వేలు పెడితే పసుపు జిగురు అంటుకుంటుంది. డీగ్రీజర్ చల్లి, పది నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ గీకుడుతో తీయాలి. నాకు ఒక శనివారం మొత్తం పట్టింది. కర్టెన్లు ఉతికించండి, ఉతికినా పోకపోతే పడేయండి. కిటికీ ఖాళీగా ఉంటే వెలుతురే వస్తుంది.

వంటింటి పక్క గదిలో కార్పెట్ ఉంటే ఓసారి స్టీమ్ చేయించి చూడండి. వారం తర్వాత వాసన మళ్లీ వస్తే మార్చేయడమే. గోడలకు రంగు వేసేముందు కడగాలి, వాసన ఆపే షెల్లాక్ ప్రైమర్ ఒక పూత వేయాలి. నూనె జిడ్డు మీద నేరుగా రంగు వేస్తే వేసవి తేమకు వాసన మళ్లీ బయటికి వస్తుంది. చివరగా ఫర్నేస్ ఫిల్టర్ మార్చండి.

ఇల్లు మార్కెట్లో ఉన్న ఆ రెండు మూడు వారాలు వేపుళ్లు, చేపలు, ఎండుమిరపకాయల పోపు పెరట్లో ఎలక్ట్రిక్ స్టవ్ మీద. ఇంట్లో పెరుగన్నం, కుక్కర్ పప్పు చాలు. మాకు సరిగ్గా అప్పుడే మా అత్తగారు వచ్చి ఉన్నారు. మే నెల, ఆవకాయ కాలం. ఓపెన్ హౌస్‌కి (ఎవరైనా వచ్చి ఇల్లు చూసే రోజు) రెండు రోజుల ముందు ఆవపిండి, వెల్లుల్లి కలిపిన గిన్నె డైనింగ్ టేబుల్ మీద కనిపించింది. ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేక, జాడీని పక్క వీధి స్నేహితుల గ్యారేజీకి తరలించాం. ఊరిందాకా అక్కడే ఉంది.

సామాన్లు, పూజగది

సగం సామాను తీసేయాలి. ఈ మాట విన్నప్పుడు నేనూ నవ్వాను. తీరా చూస్తే ఆరు సూట్‌కేసులు, ఎవరూ కూర్చోని సోఫా సెట్టు, ఇండియా నుంచి తెచ్చిన ఇత్తడి బిందెలు, పిల్లల పాత కూచిపూడి దుస్తులు, కాస్ట్‌కో నుంచి తెచ్చిన బియ్యం బస్తాలు. క్లోజెట్ తలుపు తీయకుండా కొనేవాళ్లు వెళ్లరు. అది నిండుగా కనిపిస్తే ఇంట్లో చోటు చాలదనుకుంటారు. నెలకు ఓ స్టోరేజీ గది అద్దెకు తీసుకోండి. స్నేహితుల గ్యారేజీలు నింపితే స్నేహాలు దెబ్బతింటాయి (ఆవకాయ జాడీ మినహాయింపు).

కుటుంబ ఫొటోలు తీసేయమని అంటారు. తీసేయండి, ఎలాగూ ప్యాక్ చేయాల్సినవే.

పూజగది దగ్గర చాలామంది తటపటాయిస్తారు. విగ్రహాలకు ఉద్వాసన చెప్పుకుని, ఓ చిన్న పెట్టెలో సర్దుకుని, రోజూ దీపం పెట్టడానికి ఒక్క పటం మాత్రం పడకగదిలో ఉంచుకున్నాం మేం. అల్మరాను పూజగదిగా మార్చి ఉంటే లోపల పైకప్పు చూడండి, దీపం మసి నల్లగా గుండ్రంగా ఉంటుంది. ప్రైమర్ వేయకపోతే రెండు పూతల రంగులోంచి కూడా కనిపిస్తుంది. గడప మీద పసుపు, కుంకుమ మరకలు మ్యాజిక్ ఇరేజర్‌కి కొంత పోతాయి, పోని చోట రంగు వేయాల్సిందే. చెక్క మందిరం పెద్దదైతే ముందే ఎవరికైనా ఇచ్చేయండి. గది మాత్రం ఖాళీగా, శుభ్రంగా ఉంచండి. మనవాళ్లు వస్తే పూజగది అంటారు, మిగతావాళ్లు లినెన్ క్లోజెట్ అంటారు. ఇద్దరూ సంతోషిస్తారు.

రంగులు, రిపేర్లు

లేత రంగు, ఇల్లంతా ఒకటే. పిల్లల గది గులాబీ రంగు, యాక్సెంట్ గోడ ఎర్ర రంగు పోవాలి. వదులైన తలుపు పిడులు, కారే కుళాయిలు, కాలిపోయిన బల్బులు ఒక రోజు హ్యాండీమ్యాన్‌ని పెట్టుకుని చేయించేయండి. బల్బులన్నీ ఒకే తెలుపువి కొనండి. ఒక గదిలో పసుపు, ఇంకో గదిలో నీలం వెలుగు ఉంటే ఫొటోల్లో ఇల్లు అతుకులబొంతలా ఉంటుంది. కిటికీ అద్దాలు లోపలా బయటా తుడిపించండి. వంటిల్లు మొత్తం కొత్తగా చేయించాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. మీరు పెట్టిన ఖర్చు చాలాసార్లు పూర్తిగా తిరిగి రాదు, పైగా మీకు నచ్చిన గ్రానైట్ వాళ్లకు నచ్చకపోవచ్చు.

పెరడు

మార్చిలో ఇక్కడి గడ్డి ఇంకా గోధుమ రంగులోనే ఉంటుంది. పసుపుపచ్చని ఫోర్‌సితియా పూలు విచ్చుకున్నాయంటే పని మొదలుపెట్టే టైమ్ అని లెక్క. ఎండుటాకులు గీకి తీసి, పూలమళ్ల అంచులు పారతో నిలువుగా కోసి, రెండు మూడు అంగుళాల మందంతో మల్చ్ (మట్టి మీద పరిచే చెక్క పొట్టు) వేయించండి. ఇంత తక్కువ ఖర్చుకి ఇల్లు ఇంతగా మారిపోయే పని ఇంకోటి నేను చూడలేదు. గడ్డిలో బట్టతలలా ఉన్న చోట్ల విత్తనాలు చల్లేటట్టయితే అక్కడ కలుపు రాకుండా వేసే మందు వేయకండి, అది గడ్డి విత్తనాన్ని కూడా మొలవనివ్వదు. రెండిట్లో ఒకటి ఎంచుకోండి.

కిందటి జూన్‌లో తీసిన పెరటి ఫొటోలు మీ ఫోన్లో ఉంటే బయటికి తీయండి. హైడ్రేంజియాలు పూసినప్పుడు, మీ కూరగాయల మడిలో గోంగూర లేచినప్పుడు. ఓ నాలుగు ప్రింట్లు వంటింటి గట్టు మీద పెట్టండి. ఏప్రిల్‌లో వచ్చినవాళ్లకు అక్కడ ఏం పూస్తుందో తెలియదు కదా.

ఏజెంటు, ధర, ప్రకటన

ముగ్గురు ఏజెంట్లతో మాట్లాడండి. తెలిసినవాళ్ల తమ్ముడికి లైసెన్స్ ఉందని ఇచ్చేయకండి. 2024 ఆగస్టు నుంచి రూల్స్ మారాయి. కొనేవాళ్ల ఏజెంటుకి ఎంత ఇస్తారన్నది ఇప్పుడు ఎమ్‌ఎల్‌ఎస్‌లో (ఏజెంట్లు ఇళ్లు పెట్టే ఉమ్మడి లిస్టు) పెట్టరు. కమిషన్ అంతా బేరమే. ఎవరికి ఎంత అన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి.

ధర దగ్గర వాట్సాప్ గ్రూపులో విన్నది పక్కన పెట్టండి. "ఫలానావాళ్లకి అంతొచ్చిందట" అనేదాంట్లో సగం అడిగిన ధర, వచ్చిన ధర కాదు. మీ చుట్టుపక్కల గత మూడు నుంచి ఆరు నెలల్లో నిజంగా క్లోజ్ అయిన ఇళ్లు, అదే సైజు, అదే స్కూల్ జోన్, వాటిని పట్టి చూడాలి. కొనేవాళ్లది లోన్ అయితే బ్యాంకు అప్రైజర్ కూడా చూసేది అవే.

ప్రకటనలో "తూర్పు ముఖం" అని రాయొచ్చు, మనవాళ్లు అదే వెతుకుతారు. "ఇండియన్ కుటుంబాలకు అనువు", "గుడికి వెళ్లేవాళ్లకు మంచిది" లాంటివి రాయకూడదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం మతం, పుట్టిన దేశం చూసి ఎంచుకోవడం చట్టవిరుద్ధం. మనవాళ్లకే అమ్ముతామని ఏజెంటుతో నోటిమాటగా అనడం కూడా వద్దు.

గురువారం లిస్ట్ చేసి, శని ఆదివారాలు ఓపెన్ హౌస్ పెట్టి, సోమవారం సాయంత్రానికి ఆఫర్లు అడగడం ఇక్కడ చాలామంది పద్ధతి.

ఇల్లు చూడ్డానికి వచ్చే రోజులు

బంగారం బ్యాంకు లాకర్లో పెట్టేయండి. పాస్‌పోర్టులు, గ్రీన్‌కార్డులు, డాక్టరు రాసిన మందులు కూడా ఇంట్లో వదలొద్దు. ఇంట్లో కెమెరాలుంటే వాటి ఆడియో ఆపేయండి. వచ్చినవాళ్ల మాటలు వాళ్లకు తెలియకుండా రికార్డ్ చేయడం చట్టంతో తగువు.

మీరు ఇంట్లో ఉండకండి. పెద్దవాళ్లుంటే వాళ్లనూ గుడికో లైబ్రరీకో తీసుకెళ్లండి. వాళ్లు వచ్చినవాళ్లకి మర్యాదగా కాఫీ ఇస్తారు, ఆ మాటల్లో "మా అబ్బాయి వాళ్లు ఆగస్టుకల్లా డాలస్ వెళ్లిపోవాలండీ" అని కూడా చెప్పేస్తారు. ఇక ఆఫర్ ఎంత వస్తుందో మీరే ఊహించుకోండి.

ఆఫర్ నుంచి తాళాల దాకా

ఏజెంట్లు తయారుచేసిన కాంట్రాక్ట్ మీద సంతకాలయ్యాక న్యూజెర్సీలో మూడు పనిదినాల అటార్నీ రివ్యూ ఉంటుంది. ఆలోగా అమ్మేవాళ్ల లాయరైనా, కొనేవాళ్ల లాయరైనా దాన్ని రద్దు చేయొచ్చు. అప్పటిదాకా స్వీట్లు పంచకండి.

పన్నుల సంగతి ఆఫర్ రాకముందే సీపీఏతో (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్) మాట్లాడుకోండి. అమ్మేముందు ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ ఇంటికి ఓనరుగా ఉండి, అందులో కాపురం ఉంటే లాభంలో ఒక్కరికి 2,50,000 డాలర్లు, దంపతులు కలిసి ఫైల్ చేస్తే 5,00,000 డాలర్ల దాకా కేంద్ర పన్ను ఉండదు. అంతకు మించితే ఆ రసీదుల ఫైలు అక్కరకొస్తుంది. అమ్మకం ధర 10 లక్షల డాలర్లు దాటితే 2025 జూలై నుంచి ఈ రాష్ట్రంలో అదనంగా కనీసం 1 శాతం ఫీజు అమ్మేవాళ్లే కట్టాలి. 'ఎగ్జిట్ ట్యాక్స్' అని భయపెట్టేది కొత్త పన్నేం కాదు, రాష్ట్రం వదిలి వెళ్లేవాళ్ల దగ్గర ముందుగా పట్టుకునే పన్ను. మీరు నివసించిన సొంత ఇల్లయితే చాలావరకు మినహాయింపు ఫారం సరిపోతుంది.

ఇండియా తిరిగి వెళ్లిపోయేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా వినాలి. గ్రీన్‌కార్డ్ లేకుండా ఇక్కడ ఉండి, వెళ్లిపోయి, పన్ను లెక్కల్లో విదేశీయులయ్యాక ఇల్లు అమ్మితే ఫిర్‌ప్టా, అంటే విదేశీయులు ఇక్కడి ఆస్తి అమ్మినప్పటి కేంద్ర పన్ను చట్టం, వర్తిస్తుంది. కొనేవాళ్లు అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని కేంద్ర పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి కట్టాలి. కొనేవాళ్లు తాము ఉండడానికే కొంటుంటే, ధర 3 లక్షల డాలర్లు దాటి 10 లక్షలు మించకపోతే అది 10 శాతం. లాభం మీద కాదు, మొత్తం ధర మీద. రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ నెలలు పడుతుంది. వీలైతే ఇక్కడ ఉండగానే అమ్మేయండి. క్లోజింగ్ నాటికి హైదరాబాద్‌లో ఉండాల్సి వస్తే పవర్ ఆఫ్ అటార్నీ నమూనాను టైటిల్ కంపెనీకి (ఇంటి హక్కు పత్రాలు సరిచూసే కంపెనీ) ముందే చూపించి, వాళ్లు సరేనన్నాకే విమానం ఎక్కండి.

క్లోజింగ్‌కి ముందురోజు కరెంటు, గ్యాస్, నీళ్ల మీటర్ల ఫైనల్ రీడింగ్ తీయించండి. అప్లయన్స్ మాన్యువల్స్, మిగిలిన రంగు డబ్బాలు ఒక చోట పెట్టి, ఏ డబ్బా ఏ గదిదో పైన రాయండి. కొనేవాళ్లు చివరిసారి వచ్చి చూసుకునేటప్పటికి ఇల్లు ఊడ్చి ఉండాలి. తాళాలన్నీ ఓ కవర్లో వేసి వంటింటి గట్టు మీద ఉంచండి. కారు సన్‌వైజర్‌కి ఉన్న గ్యారేజీ రిమోట్ కూడా. మేం అది మర్చిపోయి డాలస్ చేరాక చూసుకుని, పోస్టులో పంపించాం.